పదిహేను మాటలు

గొడుగు. నిచ్చెన. సబ్బు. నక్క. ఉత్తరం…
సెకనుకొక మాట.
గొంతు లేవకూడదు, పడకూడదు,
ఏ మాటనీ ముద్దు చెయ్యకూడదు.
ఇరవై మూడేళ్లుగా ఇదే నా ఉద్యోగం,
తుర్కు ఆసుపత్రిలో, మూడో అంతస్తు, నదివైపు గది.

ఆ ఫిబ్రవరిలో లెహ్తిసాలో కవలలొచ్చారు,
రౌమా నుంచి పొద్దుటి బస్సులో,
బూట్లకి రోడ్డు మీది ఉప్పు.
ఇర్యా. ఓయివా. ఇద్దరికీ డెబ్బై ఒకటి.
పదకొండు నిమిషాలు ఆవిడే పెద్ద.
ఆ పదకొండు నిమిషాల పెత్తనం ఇంకా దిగిపోలేదు:
అతని టోపీ ఆవిడ సంచిలో,
అతని మాత్రల వేళా
అతని మనవల పుట్టినరోజులూ ఆవిడ నోట్లో.

ముందు ఓయివా.
నలభై ఏళ్లు రాళ్ల మధ్య ఓడలకి దారి చూపినవాడు
గొడుగు దగ్గర బయల్దేరి
నక్క దాటాక ఇసుకలో దిగబడ్డాడు.
తొమ్మిది.
"మిగతావి మా అక్కనడగండి" అని నవ్వాడు.

తర్వాత ఇర్యా.
హార్బరు రేడియోలో ఓడల పేర్లు పలికిన నోరు.
పద్నాలుగు.
అరగంట పోయాక అడిగినా పద్నాలుగే,
అదే వరుస, అక్షరం పొల్లుపోకుండా.
'వయసుకి మించి' అని రాశాను.
నా పట్టికలో ఆ వయసువాళ్లంతా ఒకే గడిలో ఉంటారు,
ఆడా మగా కలిపి పోసిన పాలలా.
ఎవరి వెన్న ఎంతో కనపడదు.

లేచి కోటు వేసుకుంటూ అంది,
నాతో కాదు, గుండీతో:
"లేసు అల్లేటప్పుడు కండెలు
మూడేసిసార్లు లెక్కపెట్టుకోవాల్సొస్తోంది.
క్రిస్మస్ నుంచి."
నా కాగితంలో కండెలకి గడి లేదు.
తలూపి ఊరుకున్నాను.

స్కాన్ బొమ్మలు గురువారం వచ్చాయి.
ఓయివాది నవంబరు సముద్రం,
నీలం, ఇంకా నీలం, ఎక్కడో ఒక దీవి.
ఇర్యాది
చెవుల లోపలివైపు పసుపు,
పసుపు అంచు తిని నారింజ,
నారింజ నడుమ ఒక ఎరుపు.
పేర్లు తారుమారయ్యాయేమోనని
కిందికి రెండుసార్లు ఫోన్ చేశాను.
కాలేదు.

"టౌ" అంది డాక్టర్ కుయిస్మా, పెన్ను మొనతో ఎరుపు తాకి.
"ఈ చిక్కుపీచు ఆడవాళ్లలో చాలాసార్లు
ఎక్కువ పేరుకుంటుంది.
ముట్లుడిగిన ఏడు చూడమంటారు కొందరు,
జన్యువులంటారు కొందరు. పూర్తిగా తెలీదు.
ఈలోగా, మాటలొచ్చినవాళ్లకి
మన పరీక్షే తలుపు తీసి దారి చూపిస్తుంది, ఇంటికి పొమ్మని."

నిప్పు మీది నివురు
బూడిదే కానక్కర్లేదు.
నిచ్చెనా నక్కా ఉత్తరమూ చాలు కప్పడానికి.

ఎంతమందిని పంపించి ఉంటాను?
లెక్కపెట్టబోయి ఆపేశాను.

నాకు యాభై రెండు.
రాత్రి రెండింటికి ఒళ్లంతా ఆవిర్లు కమ్మి లేస్తాను.
కిటికీ తీసి, మంచు మీది వెలుగులో నిలబడి
జాబితా చెప్పుకుంటాను.
పదిహేనూ వస్తాయి.
నిద్ర రాదు.
ఇరవై మూడేళ్లు చదివింది
రావడం ఒక గొప్పా!

ఆ కాగితం బయటికి తీసి
అంచున, స్కేలు లేకుండా, ఒక గడి గీశాను.
కండెలు: మూడుసార్లు. క్రిస్మస్ నుంచి.
గీత వంకరొచ్చింది. ఉండనిచ్చాను.

ఏప్రిల్లో ఫలితం చెప్పే రోజు
ఆవిడ సంచి అతని భుజాన ఉంది.
కుయిస్మా చెప్పినంతసేపూ ఇర్యా కదల్లేదు.
అంతా అయ్యాక నావైపు తిరిగి,
"నేను వదిలేసిన ఆ ఒక్కటీ ఏమిటి?"

చెప్పకూడదు. నియమం.
"సబ్బు" అన్నాను.

ఓయివా నా బల్ల మీది పెన్ను తీసుకున్నాడు.
అతని అరచేతిలో అప్పటికే ఏదో రాసి ఉంది,
అక్క మాత్రల వేళ కాబోలు.
దాని కింద, నాలుక కొరుక్కుంటూ, బడిపిల్లాడిలా
సబ్బు అని రాసుకున్నాడు.

"చెయ్యి కడుక్కుంటే పోతుంది కదరా"
అంది ఇర్యా.